గోడకు చెప్పిన మాటలు

వెంకట్రాజంను దవాఖాన నుంచి ఇంటికి పంపిన రోజు వరంగల్‌లో ముసురు పట్టింది. పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిది వానాకాలం అది. కొత్తవాడ సందులోకి రిక్షా రాలేదు. కొడుకు సారంగపాణి, పక్కింటి పోశయ్య కలిసి ఆయన్ను చేతుల మీద మోసుకొచ్చి, మగ్గం గదిలో మంచం మీద పడుకోబెట్టారు. ఇన్నేళ్లూ జంపఖానాలు నేసిన కుడిచెయ్యి చచ్చుబడిపోయింది. మూతి ఒక పక్కకు పోయింది. మాట ముద్దముద్దగా వస్తోంది.

"డాక్టర్ ఏం జెప్పిండు?" కోడలు వరలక్ష్మి తలుపు చాటు నుంచి మొగుణ్ణి అడిగింది.

"ఇగ చేసేదంత ఇంట్లనే అన్నడు. లేపి కూసోబెట్టాలె, పక్క మార్చాలె, లేకుంటే వీపు పుండ్లయితదట. రోజు చెయ్యి కాలు రుద్దుతాంటే జర నయమైతదట."

"మరెవ్వలు చేస్తరు?"

 తెల్లారితే సారంగపాణి నేత సొసైటీ షెడ్డులో మగ్గం ఎక్కాలి. తల్లి లేదు. అక్క పూలమ్మది స్టేషన్ ఘన్‌పూర్. నాట్ల కాలం, కదలలేదు. ఇక మిగిలింది వరలక్ష్మే. చిక్కంతా అక్కడే ఉంది.

ఆ ఇంట్లో కాలుపెట్టిన నాటి నుంచి ఆమె మామ ఎదుట కూర్చున్నది లేదు, ఆయన ముఖం చూసి మాట్లాడిందీ లేదు. అత్త ఉన్నన్నాళ్లూ ఇద్దరి మాటలూ అత్త మీదుగా నడిచాయి. అత్త పోయాక ఎవరి మాట వాళ్లు గోడకు చెప్పుకోవడం మొదలైంది. "బువ్వయింది" అని ఆమె గోడవైపు తిరిగి అనేది. "వస్తాన్న" అని ఆయన మగ్గంతో అనేవాడు. ఒక్కనాడూ గొడవ లేదు, ఒక్కనాడూ ఎదురుమాట లేదు.

"నేను లేనా తమ్మీ? పొద్దుమాపు వచ్చి తానం చేపిచ్చిపోత. ఫికర్ చెయ్యకు" అన్నాడు పోశయ్య. ఆ ఏర్పాటుతో ఇల్లు కాస్త ఊపిరి పీల్చుకుంది. వరలక్ష్మి మెత్తగా పిసికిన అన్నం మంచం పక్కన పీట మీద పెట్టి తప్పుకునేది. ఆయన ఎడమచేత్తో తింటుంటే సగం ఒళ్లో పడేది. తలుపు చాటున నిలబడి చూస్తూ, ముందుకు అడుగు వేయలేక, ఆమె కొంగు నలుపుకునేది.

ఒకరోజు పోశయ్య రాలేదు. పాలంపేటలో బావమరిది పోయాడని కబురొస్తే తెల్లవారకముందే బస్సెక్కాడు. సారంగపాణి షెడ్డుకు పోయాడు, పిల్లలు బడికి పోయారు. కాసేపటికి మగ్గం గదిలోంచి వాసన వచ్చింది. వరలక్ష్మి తొంగి చూసింది. ముసలాయన పాడైన ధోతిని ఒంటిచేత్తో కప్పిపుచ్చుకోవాలని పెనుగులాడుతున్నాడు. ఆమె అడుగుల చప్పుడు వినగానే ముఖం అటు తిప్పేసుకున్నాడు.

"పో... పో..." అన్నాడు.

మగ్గం దిగి చేతులు కడుక్కోనిదే నీళ్లచెంబు ముట్టని మనిషి. వరలక్ష్మి వెళ్లి నీళ్లు కాచుకుని, పాత చీరపేలికలు తెచ్చి, గోడ ముందు నిలబడింది.

"గోడా, నీకే చెప్తాన్న. మామను కండ్లు మూసుకొమ్మను. దుప్పటి కప్పే ఉంచుత. నేనేం సూడ."

 ఆమె దుప్పటి కప్పి, దాని కిందనే తడిమి తుడవసాగింది. ఉన్నట్టుండి దిండు మీంచి మాట వచ్చింది.

"గోడా... నీళ్లు... కాలుతానయని... చెప్పు."

వరలక్ష్మికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "సన్నీళ్లు కలుపుతానని చెప్పు" అంది.

పోశయ్య తిరిగొచ్చాక కూడా లేపి కూర్చోబెట్టడం వరకే ఆయన పని. మిగిలినవన్నీ వరలక్ష్మి చేతుల్లోకి వచ్చేశాయి. అన్నం ఆమే తినిపించింది. నువ్వులనూనె కాచి చెయ్యీ కాలూ రుద్దింది. నిలబడి రుద్దలేక ఒకనాడు మంచం పట్టె మీద కూర్చుండిపోయింది. మర్నాడు ఆయన కాస్త పక్కకు జరిగి చోటిచ్చాడు.

నాట్లయ్యాక, ముసలాయన మాట కాస్త తేటపడిన రోజుల్లో పూలమ్మ వచ్చింది.

"మా ఇంటికి పోదాం నడువు నాయినా. కన్నబిడ్డ ఉన్నంక కోడలుతోని చేపిచ్చుకునుడేంది? నలుగురు ఏమంటరు?"

సారంగపాణి తల ఊపాడు. వెంకట్రాజం మాత్రం కూతురి వైపు చూడలేదు. గుమ్మంలో నిలబడ్డ వరలక్ష్మి ముఖంలోకి సూటిగా చూశాడు.

"బిడ్డా, నువ్వేమంటవు?"

 వరలక్ష్మి చెయ్యి కొంగు మీదికి పోయి అక్కడే ఆగింది. వద్దని అడ్డుపడితే అందరూ మెచ్చుకునేవారే. కానీ ఆ కళ్లు చూస్తూ అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"పోయి కొన్నొద్దులుండి రా మామా. నా నడుము లేస్తలేదు, జర ఆసరైతది. సలికాలం రాకముందే నేనొచ్చి తోల్కొచ్చుకుంట."

సారంగపాణి ఉలిక్కిపడ్డాడు. భార్యకు నడుము నొస్తోందని ఆయనకు తెలియనే తెలియదు.

ముసలాయన వంకర మూతి నవ్వింది. "నాకు తెల్వదా? మంచం మీంచి లేసినప్పుడల్ల మూలుగుతవు. రోజు వింటనే ఉన్న."

ఆ సాయంత్రం ఆడబిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని వరలక్ష్మి అన్నీ చెప్పింది. "నీళ్లు గోరువెచ్చగ ఉండాలె వదినె. దుప్పటి తియ్యకు. తినిపిచ్చేటప్పుడు మూతి దిక్కు సూడకు, సూస్తే మింగడు." పూలమ్మ వింటూ వింటూ మరదలి చెయ్యి పట్టుకుంది.

చలి మొదలయ్యేలోపు వరలక్ష్మి ఘన్‌పూర్ వెళ్లి ఆయన్ను రైల్లో తీసుకొచ్చింది. కర్ర ఊతంగా నాలుగడుగులు వేస్తున్నాడు. మళ్లీ మగ్గం ఎక్కలేకపోయాడు. కానీ ఆమె కండెలకు నూలు చుడుతుంటే పక్కన కూర్చొని ఎడమచేత్తో చిక్కులు తీసేవాడు. పనైపోయినా ఇద్దరూ లేవకుండా వాడకట్టు సంగతులన్నీ చెప్పుకుంటూ కూర్చునేవారు.