అవ్వను ఎత్తే మిషన్

గడప పీకించాలి, మిషన్ చక్రాలకు అడ్డం. మంచం గోడకు దూరంగా జరపాలి. స్టెబిలైజర్ తెచ్చి పెట్టాలి. అవ్వ చేతి కడియం తీయాలి. నిమ్మకాయలు, కర్పూరం తేవాలి. ధనంజయ సారు చెప్పిన ఈ పనులన్నీ మునిలక్ష్మి పొద్దునకల్లా ముగించింది. గడప పీకించే ముందు మాత్రం దానికి దండం పెట్టుకుంది.

తిరుచానూరు రోడ్డులోని ఆ ఇంట్లో చంద్రకాంతమ్మను చూసుకునే మనిషి ఆమె. పక్షవాతంతో అవ్వకు మాట పోయింది. ఎడమ చెయ్యి ఒక్కటే ఆడేది. మునిలక్ష్మి అవ్వ చంకల కింద చేతులు పెట్టి లేపి కుర్చీలో కూర్చోబెట్టేది. 2007లో అవ్వ కొడుకు ధనంజయ, తాను పాఠాలు చెప్పే ఇంజనీరింగ్ కాలేజీలో తయారైన రోబోను పరీక్షకని ఇంటికి తెచ్చాడు. ఎవరి సాయమూ లేకుండా రోగిని ఎత్తి కూర్చోబెట్టే మిషన్ అది.

దాన్ని చూసి మునిలక్ష్మి వెనక్కి తగ్గింది. తల లేదు. మొండెం, రెండు ఇనుప చేతులు.

“దీనికి కండ్లు యాడుండాయి సారూ?”

“అన్నీ ఉండాయిలే. ముందు బొట్టు పెట్టు. కొత్త బండి తెచ్చినా పెడతాం గదా.”

నుదురెక్కడో తెలియక, చేతుల నడుమ నల్లగా మెరిసే గాజుబిళ్ల మీద పసుపు మెత్తి, నిండుగా కుంకుమ దిద్దింది. సారు కర్పూరం వెలిగించి, చక్రాలతో నిమ్మకాయలు తొక్కించాడు. ఇద్దరూ దండం పెట్టుకున్నారు.

మీట నొక్కగానే ఇనుప చేతులు అవ్వ కిందికి దూరి ఆమెను పైకెత్తాయి. మిషన్ కుర్చీ దగ్గర ఆగాలి. ఆగలేదు. అవ్వను గోడ వైపు మోసుకుపోతోంది. సారుకు గాభరాలో ఏ మీట ఏదో తోచలేదు. అవ్వ నోరు తెరుచుకుంది, శబ్దం రాలేదు.

“సామీ, కాపాడు సామీ!” అంటూ మునిలక్ష్మి ప్లగ్గు పీకేసింది. అప్పటికే అవ్వ పాదం గోడకు తగిలింది.

సారు చెమట తుడుచుకుని, వంగి చూశాడు. “కంటి మీదనే పెట్టినావే బొట్టు! గోడైనా కుర్చీ అయినా అది సూసేది దీంతోనే గదా.”

“నాకేం తెలుసు సారూ? పెట్టమంటిరి, పెట్టినా.”

“సర్లే, నేనూ సూసుకోలేదు.” తడిగుడ్డతో గాజు తుడిచాడు. “ఈ తూరి అమ్మ ఒక్కతే ఉండాల. పక్కన మనిషి ఉంటే పరీక్ష కాదు. బయటికి రా.”

“వద్దు సారూ, అవ్వకు కేక గూడా రాదు. మూలన కూసుంటా. నన్ను జూసి అదేం సిగ్గుపడదు గదా.”

“రమ్మంటే రావాల!”

అవ్వ ఆమె పైట చెంగు పట్టుకుంది. మునిలక్ష్మి ఒక్కో వేలూ విడదీయాల్సి వచ్చింది. “ఈడే ఉంటా అవ్వా, తలుపు కాడే.”

సారు ప్లగ్గు పెట్టి, మీట నొక్కి, బయటికి వచ్చి తలుపు మూశాడు. లోపల మోటారు మొదలైంది. ఆ చప్పుడు ఎంతసేపు ఉంటే మంచిదో, ఎప్పుడు ఆగితే చెడ్డదో తెలియక, మునిలక్ష్మి తలుపుకు చెవి ఆనించి నిలబడింది. చప్పుడు ఆగింది.

తలుపు తీస్తే, అవ్వ కుర్చీలో ఉంది, సరిగ్గానే.

“జూసినావా? చిన్న గీత గూడా పడలేదు!” సారు ముఖం వెలిగిపోయింది.

అవ్వ చీర తడిసిపోయి ఉంది. ఇన్నాళ్లలో ఆమె ఎన్నడూ అట్లా చేయలేదు. చూపు ఆ ఇనుప చేతుల మీద నుంచి కదల్లేదు.

పరీక్ష నెగ్గిందనే అందరూ చెప్పుకున్నారు. చదివేవాళ్లకు నాదొక్కటే మనవి. అట్లాంటి మిషన్ రేపు మీ ఇంటికి వస్తే, తలుపు మూసే ముందు చంద్రకాంతమ్మను ఒకసారి తలుచుకోండి.