నాలుగో మూల

శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు. ఈసారి పోతూ పోతూ నేత్రావతి స్తిమితాన్ని కూడా మూటగట్టుకుపోయింది. నగర్తపేట సందులో రెండో అంతస్తు ఇల్లు. పొద్దున ఎనిమిదికే కిటికీలోంచి ఎండ లోపలికి వచ్చి పడుతుంది. ఆ ఎండలో చాప పరుచుకుని ఆవిడ చీర కొంగుకు నాలుగు కుచ్చులు కట్టేది, లేచేది, నీళ్ళు తాగేది, జాకెట్టు మీద చమ్కీ ఒక వరస కుట్టేది, అదీ పక్కన పడేసి దిండు గలీబు అందుకునేది. గలీబు మీద చిలకకు ముక్కు ఒక్కటే తక్కువ. ముక్కు కుట్టడానికి ఎంతసేపు? పాలు పొంగేంతసేపు కూడా పట్టదు. కుడితేనా!

ఇంట్లో అయిదు సంచులు, అయిదు పనులు. అన్నీ జానెడు దూరంలో ఆగిపోయినవే. క్రోషా తోరణానికి చివరి పువ్వు లేదు, జాకెట్టుకు చివరి హుక్కు లేదు. చేతిపనిలో పేటంతా పేరున్న మనిషి ఇలా ఎందుకైపోయిందో ఊరికి అర్థం కాలేదు. ఆవిడకు మాత్రం బాగా తెలుసు. అయిదో సంచిలో బొంత ఉంది.

వాళ్ళ ఇళ్ళల్లో పుట్టబోయే బిడ్డకు పాత నూలు చీరలు మడతలు పేర్చి బొంత కుడతారు. మూడు మూలలు ముందే కుట్టేసి, నాలుగోది జానెడు తెరిచి వదిలేస్తారు. అది బిడ్డ వచ్చే దారట. బిడ్డ పుట్టి కేరుమన్నాకే అమ్మమ్మ ఆ మూల మూయాలి. నాలుగేళ్ళ కిందట కూతురు చైత్ర సీమంతం నాడు, చుట్టాలంతా చూస్తారన్న ముచ్చటకొద్దీ నేత్రావతి ఆ మూల కూడా కుట్టేసి, ఇస్త్రీ చేసి మరీ పరిచింది. పన్నెండో రోజున బిడ్డ కడుపులోనే పోయింది. ఆసుపత్రి వరండాలో నేత్రావతి అత్త చౌడమ్మ ఒకే ఒక్క మాట అంది.

"మూల మూసేసినావు గదే."

ఆ మాట నాలుగేళ్ళుగా చేపముల్లులా నేత్రావతి గొంతులోనే ఉండిపోయింది. ఇప్పుడు చైత్రకు మళ్ళీ ఎనిమిదో నెల. కాన్పుకని అత్తిబెలె నుంచి పుట్టింటికి వచ్చింది. బొంత మూల సంగతి సరే, ఏ పని కొస ముడివేసినా అది బిడ్డ మీదికి వస్తుందని నేత్రావతికి దడ. పిచ్చి అని తనకూ తెలుసు. తెలిస్తే మాత్రం దడ ఆగుతుందా?

గురువారం పొద్దున్నే ఎదురింటి మునివెంకటమ్మ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. ఆవిడ కూతురి ముహూర్తం చీర ఇక్కడే మూలుగుతోంది. దొడ్డబళ్ళాపురం వెళ్ళి ఏరి కోరి తెచ్చిన పట్టు.

"ఏమే నేత్రా! ఎల్లుండి ముహూర్తం. నా కూతురు బోడి కొంగుతో పీటల మీద కూర్చోవాల్నా?"

"రేపు ఇస్తానక్కా."

"నీ రేపు ఎప్పుడొస్తాదో ఆ మునేశ్వరుడికే తెలియాల! పదైదు దినాల నుంచి ఇదే పాట. కుచ్చులు చేతికొచ్చేదాకా ఈడ్నే కూర్చుంటా. కాఫీ ఇస్తే ఇయ్యి, లేకుంటే లేదు."

అని గుమ్మంలోనే చతికిలబడింది. లోపల పడుకున్న చైత్ర ఈ గలాటాకు లేచి వచ్చి, చీర అందుకుని కొంగు చూసింది.

"ఇంగ ఆరు కుచ్చులే కదమ్మా ఉండేది! అరగంట పని."

చైత్ర పక్క సంచి దులిపింది. ముక్కు లేని చిలక బయటపడింది. ఇంకో సంచి దులిపింది, ఇంకోటి దులిపింది. అన్నీ పరిచి, నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"ఏందిమ్మా ఇది? ఒక్కటన్నా ముగించినావా?"

"కండ్లు ఆనడం లేదు."

"మొన్ననే కదా కొత్త అద్దాలు వేయించింది! నిజం చెప్పు."

"ముగిస్తే నీకేమన్నా అయితే?" నేత్రావతి అరిచేసింది. "పోయినసారి మూల మూసింది నేనే. నీ బిడ్డను నా చేతుల్తో నేనే చంపుకుంటిని!"

చైత్ర గోడ పట్టుకుని మెల్లగా చాప మీద కూర్చుంది. ఏడుస్తుందనుకుంటే కోపంతో ముఖం ఎర్రబడింది.

"నాలుగేండ్లు ఇది మోసినావా, నాతో ఒక్క మాట అనకుండా? నేనేమో బొప్పాయి తిన్నందుకే అనుకుంటి. ఆఫీసులో ఎవరిదో బర్త్‌డే, రెండు ముక్కలు తింటి. ఎవరికీ చెప్పలేదు. నీ అల్లుడు సందీప్ ఏమో రోడ్డు హంపుల మీద నన్ను బైకులో కూర్చోబెట్టినందుకని ఆ బైకే అమ్మేసినాడు. కారణమేమీ లేదు, కొన్నిసార్లు అట్ల అయితాదని డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పింది! ఒక్కరమన్నా నమ్మినామా?"

మంచం మీద వెల్లుల్లి ఒలుస్తున్న చౌడమ్మ తల ఎత్తలేదు. ఎనభై దాటిన మనిషి; వినపడనివ్వకూడదనుకున్నవే బాగా వినపడతాయి ఆవిడకు.

"నేను నలుగురిని కంటిని," అంది. "నాలుగు బొంతలకూ మూల వదిలిపెట్టే ఉంటి. ఇద్దరే దక్కిరి."

నేత్రావతి గిర్రున తిరిగింది. "మరి ఆ పొద్దు నన్నెందుకు అంటివత్తా ఆ మాట?"

"ఏదో ఒకటి అనాల గదమ్మా. బిడ్డ సుమ్నే, ఊరికే పోయింది, ఎవరి తప్పూ లేదంటే నా కడుపు తట్టుకోలేదు. నీ మీద వేసేస్తి. తప్పయిపోయింది."

నేత్రావతికి కోపం వచ్చింది. రాక? నాలుగేళ్ళ కోపం ఒక్కసారే వచ్చింది.

"ముసలిదానా! ఒక్క రాత్రన్నా నిద్రపోనిస్తివా నన్ను?"

ఆ ఇంట్లో కోడలు అత్తను అంత మాట అనడం అదే మొదలు. గుమ్మంలో మునివెంకటమ్మ నోరు తెరుచుకుని ఉండిపోయింది. చౌడమ్మ మాత్రం "అను తల్లీ, ఇంగా అను," అంది. నేత్రావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నా చీర సంగతేమిటని అడగబోయిన మునివెంకటమ్మ, జన్మలో మొదటిసారి నోరు కట్టుకుని, తానే వంటింట్లోకి వెళ్ళి కాఫీ పెట్టింది.

ఏడుపు తగ్గాక నేత్రావతి ముఖం తుడుచుకుని అయిదో సంచి దగ్గరికి లాక్కుంది. కొత్త బొంత తీసి, తెరిచి ఉన్న నాలుగో మూల పైకి వచ్చేలా ఒళ్ళో పరుచుకుంది. సూదిలో దారం ఎక్కించి కూతురి వంక చూసింది.

"కుట్టనా?"

అంత కోపంగా అరిచిన చైత్ర కూడా ఆ తెరిచిన మూల వంకే చూసింది. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుంది.

"కుట్టమ్మా."

నేత్రావతి సూది దించింది. రెండు కుట్లు వేసి ఆగింది.

"కదులుతా ఉండాదా?"

"ఉండాది."

మళ్ళీ రెండు కుట్లు. మళ్ళీ అదే ప్రశ్న, అదే జవాబు. చౌడమ్మ ఒలవడం ఆపేసి వింటోంది. కాఫీ లోటాలు పట్టుకుని మునివెంకటమ్మ వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయింది. జానెడు మూల కుట్టడానికి అరగంట పట్టింది. చివరి కుట్టు దగ్గర నేత్రావతి కళ్ళు మూసుకుని ముడివేసి, దారం పంటితో కొరికింది.

"ఇప్పుడు?"

"ఇప్పుడూ ఉండాదమ్మా," అంది చైత్ర.