దీపం కొండెక్కేదాకా

గోవిందమ్మకు కోపం వస్తే అరవదు. అరిచేవాళ్ల కోపం ఎసరు మరిగేలోపు చల్లారిపోతుంది. ఆమెది ఆ రకం కాదు. కోపం వచ్చిన నాటినుంచీ ఆ మనిషితో మరింత మర్యాదగా మాట్లాడుతుంది, పిల్లాజెల్లా ఎట్లా ఉన్నారని అడుగుతుంది, చెంబు నిండా చల్లటి మజ్జిగ చేతికిస్తుంది. తెలిసినవాళ్లు ఆ మజ్జిగను చూసే భయపడతారు.

ఎలుమలైకి మాత్రం ఆ సంగతి తెలియదు. సాలెవీధిలో సెల్లియమ్మ జాతర చూసుకునేది అతనే. జాతర జరిగే ఆడినెల దగ్గరపడుతోంది, ఈ ఏడు పాటకచ్చేరికి ఎవరిని పిలుద్దామని ఇంటింటా అడుగుతూ వచ్చి గోవిందమ్మ గడప దగ్గర నిలబడ్డాడు. ఆమె మజ్జిగ చెంబు అందించి, తాపీగా చెప్పింది.

"పోయినేడు వచ్చినాడే ఆనందరాజు, ఆయన్నే పిలవండి నాయనా."

ఎలుమలై మింగబోయిన మజ్జిగ గొంతులోనే ఆగింది. "ఎవురూ? కుయిల్ ఆనందరాజా? మన వైష్ణవిని అంత మాటన్నాడే, ఆయనా?"

"ఆఁ, ఆయనే. ఎంత బాగా పాడినాడు!"

"నీ మనసు వెన్న అవ్వా" అని ఎలుమలై చెంబు బోర్లించి వెళ్లిపోయాడు. లోపల నూలు కండెలు చుడుతున్న మనవరాలు వైష్ణవి రాట్నం తిప్పడం ఆపేసింది. ఆ పిల్ల తలుపుకేసి కాక గోడకేసి తిరిగి కూర్చుని ఉండడం గోవిందమ్మ చూసింది. చూసి, మళ్లీ తన పనిలో పడింది.

జరిగింది ఏమిటంటే, జనం కుయిల్, అంటే కోయిల, అని పిలిచే ఆనందరాజు గొంతు గోవిందమ్మకు కొత్తది కాదు. ఆమె పెనిమిటి మునుస్వామి బతికున్న రోజుల్లో, ఆడికృత్తిక పండగకు తిరుత్తణి కొండ కింద ఆ మనిషి పాడుతుంటే ఇద్దరూ జనంలో నిలబడి విన్నారు. అప్పుడతను బక్కపలచటి కుర్రవాడు, ఆవడి నుంచి రైల్లో వచ్చి పాడిపోయేవాడు. కాళ్లు తిమ్మిరెక్కినా కదలబుద్ధి కాలేదు. ఆర్.కె.పేట బస్సు పోతే పోనిమ్మన్నాడు మునుస్వామి. ఆ పాటను ఇంటిదాకా నోటిలో చప్పరిస్తూ వచ్చింది గోవిందమ్మ. మునుస్వామి పోయాక కూడా ఆ గొంతు గుర్తొస్తే పక్కన అతను నిలబడినట్టే ఉండేది. అందుకే పోయినేడు ఆయన తమ వీధికే వస్తున్నాడని విన్నప్పుడు, కచ్చేరిలో పాటగాడికి కప్పే పొన్నాడై అంగడిలో కొననివ్వలేదు. జరీ అంచుతో ఆ శాలువ తన మగ్గం మీదే నేసింది.

వచ్చాడు. చీకటి పడ్డాక నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, సెల్లియమ్మకు పెట్టే మొదటి దీపం ఆరిపోయాక, తీరిగ్గా వచ్చాడు. పాడాడు. గోవిందమ్మ మొదటి వరసలో, కంటికి ఆపరేషన్ అయి నెల కాకపోయినా, తుడుచుకుని తుడుచుకుని చూసింది. పాట నడుస్తూ ఉండగా ఆయన నీళ్ల సీసా ఎత్తి గుటగుటా తాగాడు. పాట ఆగలేదు. ఏలక్కాయ నోట్లో వేసుకుని నమిలాడు. పాట ఆగలేదు.

"ఒసే తంగమ్మా, వాడు నీళ్లు తాగతా ఉండాడు, పాట చూడు ఎట్లా పోతాండాదో! ఆ పెట్టెలో నుంచి వస్తా ఉండాది!"

పక్కింటి తంగమ్మ నవ్వింది. "కన్ను ఆరనీ అక్కా, ఆమీద చూద్దువులే."

అక్కడితో ఆగినా గోవిందమ్మ ఓర్చుకునేదే. మోసపోయినా కొండ కింద విన్న పాట అట్లాగే మిగిలేది. కానీ వైష్ణవికి ఒక పాట ఇస్తామని ముందే ఒప్పుకున్నారు. ఆ పిల్ల దానికోసం ఎన్నాళ్లు సాధన చేసిందో వీధి వీధంతా విన్నది. స్టేజీ ఎక్కితే, కీబోర్డు దగ్గర కూర్చున్నవాడు ఆనందరాజు గొంతుకు కుదిరే సుతిలో వేసిన మ్యూజిక్కే నొక్కాడు. "అన్నా, కొంచెం పైకి పెట్టన్నా" అని పిల్ల అడిగింది. ఎవరూ వినిపించుకోలేదు. కింది స్వరాల్లో ఆమె గొంతు మునిగిపోయింది, పైకి లేపబోతే చీలింది. ఆనందరాజు మైకు లాక్కుని నవ్వాడు.

"పాపకు జలుబు చేసినట్టుండాది! అవ్వా యాడ ఉండావు? ఇంటికి పిల్చుకపోయి మిరియాల కషాయం పొయ్యి, గొంతుకు మఫ్లరు చుట్టు!"

మైదానమంతా నవ్వింది. తంగమ్మ నవ్వింది, ఎలుమలై కడుపు పట్టుకుని నవ్వాడు. పిల్ల మెట్లు దిగిపోయింది. ఆ నవ్వు ఇంకా ఆరకముందే, "ఇప్పుడు గోవిందమ్మగారు పొన్నాడై కప్పుతారు" అని మైకులో పిలిచారు. ఆమె ఎక్కి, తాను నేసిన శాలువను తన చేతులతోనే ఆ భుజాల మీద కప్పి దిగింది. పిల్లను నవ్వులపాలు చేసినవాడికి అదే నిమిషంలో మర్యాద చేసిన ఆ చేతులను గోవిందమ్మ క్షమించలేకపోయింది.

బడిలో పిల్లలు వైష్ణవికి కషాయం అని పేరు పెట్టారు. పాడుతూ తప్ప కండె చుట్టని పిల్ల, ఆ రోజు నుంచి రాట్నం చప్పుడు మాత్రమే మిగిల్చింది. ఆ చప్పుడు వింటూ ఏడాది పొడుగునా గోవిందమ్మ ఒక్కటే అనుకుంది. నవ్విన ఆ నోళ్లే, అదే స్టేజీ దగ్గర, వాడిని చూసి నవ్వాలి. అంతకు తక్కువైతే ఆమెకు నిద్ర పట్టదు.

దానికి దారి సెల్లియమ్మ కట్టుబాటులోనే ఉంది. జాతర సాయంత్రం మొదటి పిండిదీపం గోవిందమ్మ ఇంటిది. బియ్యప్పిండి, బెల్లం కలిపి ముద్ద చేసి, నడుమ గుంట పెట్టి, నెయ్యి పోసి వెలిగిస్తారు. అది వెలిగిందంటే వీధిలో మరమగ్గాలు ఆగాలి, మేళం ఆగాలి, మైకు కూడా ఆగాలి. ఆ ఇంటివాళ్లు ఎవరిని చూపిస్తే వాళ్లు, వాయిద్యం లేకుండా, దీపం కొండెక్కేదాకా అమ్మకు నోటితో పాడాలి. నడుమ పాట ఆగితే ఆ ఏడు మగ్గాలకు మంచిది కాదంటారు. ఎప్పుడూ దీపం నిమ్మకాయంత ఉండేది, రెండు పాటలకు ఆరిపోయేది. ఒకప్పుడు గోవిందమ్మే పాడేది, తర్వాత వైష్ణవి. పాటగాళ్లను చూపించకూడదని మాత్రం ఎవరూ ఎన్నడూ అనలేదు.

"ఆయన వచ్చినాకే దీపం పెడదాం నాయనా, పోయినేడు పాపం చూడలేకపోయినాడు" అని ఎలుమలైతో ముందే ఒప్పించింది.

జాతర మధ్యాహ్నం పిండి కలుపుతుంటే తంగమ్మ వచ్చి ముక్కు మీద వేలేసుకుంది. "ఏందక్కా ఇది? దీపమా, రోలా?"

"అమ్మకు ఈ ఏడు ఆశ ఎక్కువగా ఉండాదిలే."

"అంత పెద్దది ఎందుకవ్వా?" అని వైష్ణవి కూడా అడిగింది.

"ఒత్తి చెయ్యి మేయ్. లావుగా చెయ్యి."

సాయంత్రం వ్యాను దిగాడు ఆనందరాజు. కాస్త లావెక్కాడు, కళ్లద్దాలు అవే. మేళం ఆగింది. గోవిందమ్మ రెండు చేతులా పళ్లెం పట్టుకుని స్టేజీ ముందు అమ్మ పీట దగ్గర దీపం వెలిగించి, వేలెత్తి చూపింది.

"ఈ ఏడు మా ఇంటి దీపానికి కుయిలు పాడాల."

జనం ఈలలు వేశారు. ఆనందరాజు పొంగిపోయి, చెయ్యి గుండెకు ఆనించి, మైకు అందుకుని కీబోర్డువాడికి తల ఊపాడు. ఎలుమలై పరుగెత్తుకుంటూ వెళ్లాడు.

"లేదు సార్, మైకుండకూడదు. మ్యూజిక్కూ ఉండకూడదు. అమ్మ కట్టుబాటు. ఉత్త నోటితో పాడాల."

"మైకు లేకుండా ఎట్లయ్యా? ఎవురికి వినపడతాది?"

"అమ్మకు వినపడతాదిలే నాయనా" అంది గోవిందమ్మ, మజ్జిగ ఇచ్చేటప్పటి గొంతుతో. "మాకూ చెవుడు లేదు. మాలో ఒకరికి కన్ను కూడా బాగైంది."

జనరేటర్ ఆపేశారు. మరమగ్గాలు ఆగిన వీధిలో దూరంగా ఎక్కడో కుక్క మొరిగితే కూడా వినిపించింది. వెలుతురంతా ఆ పిండిదీపానిదే. ఆనందరాజు గొంతు సవరించుకుని అమ్మ పాట ఎత్తాడు. మొదటి పాదం ఎట్లాగో గట్టెక్కింది. రెండో పాదంలో గాలి తప్ప స్వరం రాలేదు. దగ్గాడు, మళ్లీ ఎత్తాడు. నూనె వెయ్యని రాట్నంలా కిర్రుమంది గొంతు. కొండ కింద విన్న ఆ గొంతు లోపల ఎక్కడా మిగిలి లేదు. ఎన్నేళ్లనుంచి పెట్టెను నమ్ముకుని ఆ గొంతును పాడించకుండా వదిలేశాడో! ఒక్క క్షణం గోవిందమ్మకు మునుస్వామి గుర్తొచ్చాడు. గుర్తొచ్చినందుకు కోపం ఇంకాస్త పెరిగింది.

ఆయన ఆగి దీపం వైపు చూశాడు. అది నిటారుగా, హాయిగా వెలుగుతోంది. వెనక నుంచి ఎవడో అరిచాడు.

"సార్‌కు కషాయం తేండిరా!"

మైదానం ఘొల్లుమంది. తంగమ్మ నవ్వింది, ఎలుమలై నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. గోవిందమ్మకు ఏడాది ఆకలి తీరినట్టయింది.

తీరా చూస్తే, నవ్వుల్లో పాట ఆగిపోయింది.

"అక్కా, దీపం వెలగతానే ఉండాది! పాట లేదు!" తంగమ్మ చేయి గిల్లింది. ముసలివాళ్ల మొహాలు మారాయి. గోవిందమ్మ ఈ గడియ కోసం తన గొంతును దాచుకుంది. వాడు ఆగగానే తాను ఎత్తుకుందామనుకుంది. ఎత్తింది కూడా. కానీ సంబరంతో కొట్టుకుంటున్న గుండె ఊపిరి నిలవనివ్వలేదు, రెండు మాటలకే ఆయాసం వచ్చింది. తాను పోసిన నెయ్యి తన కళ్ల ముందే తళతళలాడుతోంది. ఎవరికోసమో పోసిన నెయ్యి.

అప్పుడు వెనక నుంచి, "ఊగవమ్మా సెల్లియమ్మా, మా నూలు ఉయ్యాల" అని వినిపించింది. వైష్ణవి. మెల్లగా, తన సుతిలో, ఎవరూ నొక్కని సుతిలో.

ఆనందరాజు పక్కకు తప్పుకున్నాడు. పిల్ల దీపం దగ్గరికొచ్చి నిలబడి పాడింది. ఉయ్యాల పాట అయింది, పూల పాట అయింది, దీపం సగమైనా కాలేదు. వచ్చిన పాటలన్నీ అయ్యాక మళ్లీ ఉయ్యాలే ఎత్తుకుని, వీధిలో ఒక్కొక్క ఇంటి పేరూ అందులో కలుపుతూ పోయింది. గొంతు జీరపోతోంది. గోవిందమ్మ ఓర్వలేక ఒత్తి నలపడానికి చెయ్యి చాచింది. పాడుతూనే పిల్ల ఒక చూపు చూసింది. చెయ్యి వెనక్కొచ్చింది.

చివరికి నెయ్యి అయిపోయి, పిండి మాడిన వాసన వచ్చి, దీపం కొండెక్కింది. మేళం ఒక్కసారిగా మోగింది, లైట్లు వెలిగాయి, మైకు కుయ్యిమంది.

"ఇప్పుడు గోవిందమ్మగారు పొన్నాడై..." అన్నాడు ఎలుమలై, ఎందుకైనా మంచిదని మెల్లగా.

ఆమె స్టేజీ ఎక్కింది. ఈ ఏడు కూడా తానే నేసింది, అంచు ఇంకా మంచిది. ఆనందరాజు తల వంచాడు. ఆమె శాలువను భుజాల మీద కప్పలేదు. గొంతు చుట్టూ తిప్పి, మళ్లీ తిప్పి, ముందర ముడి వేసి, మైకు దగ్గరికి జరిగింది.

"చల్లగాలి నాయనా. ఇంటికి పోయి మిరియాల కషాయం తాగు. బాగైతే వచ్చే ఏడు రా, మా పాప పాడతాది, కూచుని విందువు."

ఆ నవ్వు ఆర్.కె.పేట దాకా వినిపించి ఉంటుంది. ఆనందరాజు ముడి విప్పుకోకుండానే వ్యాను ఎక్కాడు.

ఇంటికొచ్చాక వైష్ణవి మాట్లాడబోతే గాలే వచ్చింది. పీట మీద కూలబడి గుసగుసలాడింది.

"ఎంత నెయ్యి పోసినావవ్వా? నాకే కావాల ఇప్పుడు కషాయం."

గోవిందమ్మ మిరియాలు దంచింది. పిల్ల లోటా అందుకుని ఊదుకుంటూ మళ్లీ అంది.

"పోయినేడు ఎలుమలై మామ కూడా నవ్వినాడు గదా."

"తెలుసులే. పాలు తోడుపెట్టినా" అంది గోవిందమ్మ, రోలు కడుగుతూ. "రేపు పొద్దున రమ్మన్నా, మజ్జిగ తాగి పోతాడు."