నోటికొచ్చిన కొలతలు

వీధిలో అందరూ ఆమెను టేపక్క అంటారు. పొద్దున మెడలో వేసుకున్న టేపు కొట్టు కట్టేసేదాకా తీయదు. ఆమె కుట్టిన బట్ట సరిపోలేదని తిరిగొచ్చింది లేదు. ఎవరైనా ఆ మాటంటే సిగ్గుపడదు, "అవును" అంటుంది.

ఆరోజు తిరిగొచ్చింది. అదీ ఎదురుకొట్లో ఫ్యాన్లు బాగుచేసే మెకానిక్ పెళ్లికోటు.

"చంకల్లో పట్టేస్తోంది. బొత్తాం పెడితే ఊపిరాడట్లేదు. ఎల్లుండే పెళ్లి," అన్నాడతను నవ్వుతూనే.

కాజాలు కుడుతున్న పిన్ని సూది ఆపింది. "పెళ్లికొడుకు పెళ్లిభోజనం ముందే మొదలెట్టినట్టున్నాడు. నువ్వు కొలతలు తీశావటే?"

"తీయలేదు. నోటికొచ్చుగా."

నిజమే, ఎక్కాల్లా వచ్చు. ఒకప్పుడు ఆమె అతనికి మనసులో మాట చెబితే, "నీకేం, నాకంటే మంచివాడు దొరుకుతాడు" అని ఫ్యాను రెక్క తుడుచుకుంటూ అనేశాడు. ఆ తర్వాత రెడీమేడ్ చొక్కాలకు మారాడు. కొలతలు మాత్రం ఆమె దగ్గరే ఉండిపోయాయి. మొన్న కోటుగుడ్డ తెచ్చినప్పుడు కొలవాలంటే దగ్గరగా నిలబడాలి. చేతులు వణుకుతాయేమోనని, తెలుసులెమ్మని పంపేసింది.

ఇప్పుడు తలెత్తి చూసింది. పొట్టొచ్చింది, మెడ లావెక్కింది, చెవుల పైన జుట్టు పలచబడింది. రోజూ ఎదురుగా ఉన్న మనిషే. ఎప్పుడు మారాడో తెలియలేదు.

"పోనీలే, బొత్తాం పెట్టకుండా వేసుకుంటా. నీ చేతిది కదా, నేనేమీ అనుకోను," అన్నాడు.

ఆ జాలి ఆమెకు సూదిలా దిగింది.

"నేను అనుకుంటాను. అక్కడ నిలబడండి. చేతులు వదలండి."

"అండీ ఏంటి కొత్తగా?"

"కొలతలప్పుడు అందరికీ అండీయే."

టేపు ఛాతీ చుట్టూ తిప్పింది. అతని చొక్కాకు పట్టిన వైండింగు వార్నిష్ వాసన మాత్రం పాతదే. చేతులు వణకలేదు. పైకి చదువుతుంటే పిన్ని బల్ల మీద సుద్దతో రాసింది. ఒక్కటీ పాత అంకె కాదు.

లైనింగ్ విప్పితే కుట్టు లోపల రెండు వేళ్ల గుడ్డ మిగిలి ఉంది. ఎవరి బట్టకైనా అంత వదలడం ఆమె పద్ధతి. మనసు తప్పినా చెయ్యి పద్ధతి తప్పలేదు. కొంచెం గర్వంగానే నవ్వుకుంది.

సాయంత్రం అతను బొత్తాలన్నీ పెట్టుకుని, చేతులెత్తి, అద్దం ముందు ఇటూ అటూ తిరిగాడు. ఎక్కడా ముడత పడలేదు.

"అదీ నీ చెయ్యంటే. ఈసారి సరిగ్గా గుర్తుపెట్టుకో మరి."

"పెట్టుకోను. వచ్చినప్పుడల్లా కొలుస్తాను. అందరికీ అంతే."

అతను వీధి దాటేలోగా తడిగుడ్డతో బల్ల తుడిచేసింది. పిన్ని అది చూసి, సూదిలో దారం ఎక్కించుకుంది.

టేపక్క మెడలో టేపు సర్దుకుని గుమ్మం వైపు తిరిగింది. "తర్వాతెవరు?"