గోడౌను కింద మనిషి

బెంగాల్లోని బడ్జ్ బడ్జ్‌లో మూతపడిన జూట్ మిల్లు స్థలంలో అపార్ట్‌మెంట్లు కట్టేముందు, నేలలో పాత ఆనవాళ్ళేమైనా ఉన్నాయేమో చూడడానికి సర్వేవాళ్ళు వచ్చారు. వాళ్ళకు పెద్ద సత్యవేణి, హైదరాబాదు పిల్ల. ఆమె నోట తెలుగు వినగానే గవరయ్యకు ప్రాణం లేచొచ్చింది. డెబ్బై దాటిన మనిషి, తెలుగునేల నుంచి వలసొచ్చిన కూలీ కొడుకు, ఆ మిల్లులోనే మగ్గం నడిపినవాడు. రెండు వారాలు ఆమె వెంటే తిరిగి ఏ షెడ్డు ఎక్కడుండేదో చూపించాడు. మధ్యాహ్నం ఆయన భార్య అప్పమ్మ ఎండుచేపల పులుసుతో ఆమెకు అన్నం పెట్టేది.

ఒకరోజు అసలు మాట చెప్పాడు.

"నాకెనిమిదేళ్ళప్పుడు వరదకి గంగొడ్డు గోడౌను కూలిపోనాదమ్మా. మా అయ్య అందులోనే ఉన్నాడు. మిల్లోళ్ళు పైన మట్టి కప్పీసి, పనొగ్గీసి పారిపోనాడని రాసీసినారు. మొగుడొగ్గీసినాడని మాయమ్మని అందరూ ఆడిపోసుకున్నారు. సచ్చిపోయేముందు ఒకటే అడిగింది. మీ అయ్య పారిపోనేదని ఎవలిసేతనైనా రాయించరా అని."

సత్యవేణి అక్కడే తవ్వించింది. ఐదడుగుల లోతున, కూలిన ఇటుకల మధ్య ఎముకలు, పక్కనే ఇత్తడి హాజరు బిళ్ళ దొరికాయి. బిళ్ళ మీద 317. తండ్రిదైన ఆ నంబరును తల్లి గవరయ్యకు చిన్నప్పుడే కంఠతా పట్టించింది. గట్టు మీద కూలబడి ఏడ్చాడు.

"రిపోర్టులో ముందు ఇదే రాస్తాను తాతా. మాటిస్తున్నా," అంది సత్యవేణి ఆయన భుజం పట్టుకుని.

మర్నాడు గవరయ్య వెళ్ళేసరికి గొయ్యి పూడ్చేసి ఉంది. సర్వేవాళ్ళు లేరు. ఆమె ఫోను ఎత్తలేదు.

నెల తర్వాత ఊరివాళ్ళ అభ్యంతరాలు వినడానికి సభ పెట్టారు. తవ్వినచోట చెప్పుకోదగ్గదేమీ దొరకలేదని రిపోర్టు చదివారు. కింద సంతకం సత్యవేణిది. ముందు వరుసలోనే కూర్చున్న ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

మధ్యలో టీకి లేచినప్పుడు గవరయ్యను వరండాలోకి పిలిచి చేతిలో బిళ్ళ పెట్టింది.

"ఎముకలని రాస్తే పోలీసులు, కోర్టులు, పని ఏళ్ళ తరబడి ఆగిపోతుందని అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్ళన్నారు. నా ఉద్యోగం పోయేది తాతా. ఇది మీరుంచుకోండి. నేనిచ్చానని మాత్రం చెప్పకండి."

"బిళ్ళ నానేటి సేసుకోను తల్లీ? మాయమ్మ రాయించమంది."

గవరయ్య తిన్నగా లోపలికి వెళ్ళి బిళ్ళను సభ నడుపుతున్న అధికారి బల్ల మీద పెట్టాడు. జరిగిందంతా బెంగాలీలో చెప్పాడు. అధికారి దాన్ని తిప్పి చూసి, వెనకే వచ్చిన సత్యవేణిని అడిగాడు.

"ఇది మీ తవ్వకంలో దొరికిందా?"

ఆమె ఒక్క క్షణం గవరయ్యను చూసింది.

"లేదు సార్. దీన్ని ఇప్పుడే చూస్తున్నాను."

ముసలాయన ఎక్కడో పాతసామాన్ల కొట్లో కొనుక్కొచ్చి ఉంటాడని ఎవరో నవ్వారు. ఆనాడు అబద్ధం రాసిన మిల్లువాళ్ళ ముఖాలైనా గవరయ్యకు తెలియవు. ఈ పిల్ల తనింట్లో అన్నం తిన్న పిల్ల.

ఇంటికి రాగానే అప్పమ్మ ఎదురొచ్చింది.

"రాసినారేటి?"

"నేదు."

చాపమీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. సోమవారం గోడౌను చోట పెద్ద యంత్రాలు దిగి పునాదులు దించడం మొదలుపెట్టాయి. ఆ అదురుకు అలమరలో గిన్నెలు మోగుతుంటే అప్పమ్మ లేచి తలుపు మూసింది.