మూకుట్లో అన్నం

కల్లంలో ఎండుమిరపకాయల రాశి ముందు కూర్చుని, తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్న మహిమ ఉన్నట్టుండి చేయి ఆపేసింది. దవడ లాగుతోందంది. వీపు మధ్యలో మోకాలు పెట్టి నొక్కుతున్నట్టుందంది. నుదుటి మీద చెమటలు పట్టాయి.

"గ్యాసే. రాత్రి గోంగూర బాగా లాగించి ఉంటావు," అంది పక్కనున్న నజ్మీన్. "సోడా తాగు, పోద్ది."

ఆడవాళ్ళు నవ్వారు. మహిమా నవ్వబోయింది. ఆమె అత్త పుల్లమ్మ మాత్రం నవ్వలేదు. తొమ్మిదేళ్ళ కిందట ఆమె కూతురు క్రిస్టీనా కూడా ఇలాగే దవడ పట్టుకుని కూలబడింది. తన చేత్తోనే సోడా పట్టించి పడుకోబెట్టింది పుల్లమ్మ. పొద్దుగూకేసరికి పిల్ల లేదు.

పుల్లమ్మ వెంటనే తన కొడుకు, మహిమ మొగుడు ఫిలిప్‌కి ఫోన్ చేసి సంగతి చెప్పింది. అతను చీమకుర్తిలో గ్రానైట్ లారీ తోలుతాడు. రెండేళ్ళ కిందట గుండెలో స్టెంట్ వేశారు.

"నాకు నొప్పొచ్చింది గుండెల్లో కదమ్మా, దవడలో కాదుగా. మాత్ర వేసి పడుకోబెట్టు."

"ఒక పిల్లను పడుకోబెట్టాను రా, మళ్ళీ లేవలేదు. దీన్ని ఆటో ఎక్కిస్తన్నా. నువ్వు ఒంగోలు వచ్చెయ్," అని పెట్టేసింది.

ఆసుపత్రిలో ఛాతీకి తీగలు అంటించి చూసి గుండెపోటేనన్నారు. ఆ సాయంత్రమే మహిమకూ స్టెంట్ వేశారు.

మూడో రోజు డాక్టరమ్మ మంచం దగ్గరికొచ్చి, ఇంట్లో ఏం తింటావని అడిగింది.

"అందరూ తినేదేనండి," అంది మహిమ. ఫిలిప్ తలాడించాడు.

"కాదండి," అంది పుల్లమ్మ.

అరవై దాటాక, చర్చి పాటల పుస్తకం ముందు పెట్టుకుని అక్షరాలు కూడబలుక్కుంటూ తనంతట తానే చదువు నేర్చుకున్న మనిషి ఆమె. ఫిలిప్‌కి రాసిచ్చిన పథ్యం కాగితాన్ని బీరువాకి అంటించి, రోజూ చదివి మరీ వండించింది. అందులో కోడలి పేరు లేదు. ఉండాలని ఆమెకూ తోచలేదు.

"వీడికి ఉప్పు తగ్గించిన కూర, చేపముక్క, ఆకుకూర, బొప్పాయి. గుడ్డులో తెల్లది వీడికి. పచ్చసొనలు పారేయలేక ఇది తింటది, రోజుకి మూడో నాలుగో. వేపుడు చేస్తే ముక్కలు పిల్లలకి. అందరూ లేచాక ఇది ఆ మూకుట్లోనే అన్నం వేసుకుని, అడుగున మిగిలిన నూనే, ఉప్పూ కారం తుడుచుకు తింటది. చేలోకి పచ్చడి మెతుకులు. ఒక పండు దీని నోట్లోకి పోవడం నేను చూళ్ళేదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"కాపరానికొచ్చిన కాణ్ణించి. నేనే నేర్పానండి. నాకు మా అత్త నేర్పింది."

"ఆయన పథ్యమే ఈమెకూ," అని చెప్పి డాక్టరమ్మ వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం ఫిలిప్ క్యారేజీ తెచ్చి తనే విప్పాడు. చేపముక్కా, పాలకూర పప్పూ కంచంలో పెట్టాడు. మహిమ ముద్ద కలిపింది గానీ అది చేతిలోనే ఉండిపోయింది.

"మీరు తిన్నారా?" అని మొగుణ్ణి అడిగింది.

"తర్వాత తింటాలే. నువ్వు కానివ్వు."

"ముందు మీరు తినండి. మాత్రలు వేసుకోవాలిగా."

ముద్ద నోటిదాకా పోవడం లేదు. పుల్లమ్మ ఆ చేతినే చూస్తూ కూర్చుంది. చివరికి లేచింది.

"ఒరేయ్, కాసేపు బయటికి పో. నువ్వెదురుగా ఉంటే దాని గొంతులో మెతుకు దిగదు."

ఫిలిప్ ఇద్దరి వంకా చూసి బయటికి నడిచాడు.

"ఆయనకి ఆకలిగా ఉంటదత్తా."

"ఉండనీ," అంటూ పుల్లమ్మ స్టూలు జరుపుకుని తలుపుకు అడ్డంగా కూర్చుంది.