పంటిగాట్ల కర్ర

మరతాత ఖాళీ మరను తిప్పి, కర్ర ఒక కొసను పళ్ళతో బిగబట్టి, రెండో కొసకున్న మేకును బేరింగుకు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఎవరూ రాకముందు రోజూ చేసే పనే. మూరెడు కర్ర అది. చెవులు మూతపడుతున్న రోజుల్లో తానే చెక్కుకున్నాడు. అప్పటినుంచి పిండిమర చప్పుడు అతని దవడలోనే వినిపిస్తోంది. ఈ సంగతి భార్యకు తప్ప మరొకరికి తెలియదు. చెవిటివాడి చేతికి మరనెవరు అప్పగిస్తారు?

ఈవేళ దవడలో ఇసుక నలిగింది.

మళ్ళీ ఆనించాడు. అదే గరగర. బేరింగు కాలి ఒక్క నిప్పురవ్వ రాలితే, గదిలో తేలుతున్న పిండి అంతా మంటే. చెబితే ఎలా తెలిసిందంటారు. చెప్పకపోతే, గుమ్మంలో డబ్బాలతో జనం.

"పోయినసారి పిండితో చేసిన రొట్టెలు నమల్లేక మా ఆయన దవడలు పడిపోయాయి తాతా. ఆ నోరు మూతపడ్డందుకు నీకు పుణ్యం" అంది ఒకావిడ. ఆమె పెదవులు చూసి, ఒక చేత్తో గింజలు మరలో పోస్తూ అతను నవ్వాడు. రెండో చెయ్యి మాత్రం బేరింగు మీదే ఉంది. గోరువెచ్చన. కాసేపటికి వేడి. ఇంకాసేపటికి చెయ్యి నిలవలేదు.

మీట దించేశాడు.

యజమానురాలు గల్లాపెట్టె దగ్గరనుంచి వచ్చింది. "కరెంటుందిగా, ఎందుకాపావ్?"

"బేరింగు పోతోందమ్మా."

జల్లెడ బిగిస్తున్న కొత్త మెకానిక్కు ఏదో అన్నాడు. గుబురుమీసం ఆ మాటను మింగేసింది. పెదవులు కనిపించక తాతకు ఒక్క ముక్కా అందలేదు. మాటలకు బదులు కర్ర తీసి అతనికిచ్చాడు.

మెకానిక్కు మర తిప్పి, మేకును బేరింగుకు ఆనించి, కర్రను చెవికి పెట్టుకున్నాడు. ముఖం మారింది. వెంటనే మీట దించాడు. తర్వాత కర్రను తిప్పి, కొస మీది గుంటలను బొటనవేలితో తడిమాడు. తన పళ్ళ దగ్గరకు తెచ్చి, ఆగిపోయాడు. యజమానురాలితో ఏదో చెప్పాడు.

"పంటిగాట్లా?" అన్నాయి ఆమె పెదవులు.

ఆమె తాత వెనక్కి నడిచింది. తాత కదల్లేదు. మెకానిక్కు చూపు తన భుజం మీదుగా వెనక్కి పోవడం, అందులోని జాలి చూసి భయంభయంగా తిరిగాడు. ఆమె ఎంతసేపటినుంచి పిలుస్తోందో, నోరు ఇంకా తెరిచే ఉంది.

"ఇంక వద్దు తాతా" అంది మెల్లగా. "నీకేమన్నా అయితే అవ్వకి నేనేం చెప్పను?"

తాత కర్ర వైపు చూపించాడు. "ఇది ఇతని దగ్గర ఉండనీ అమ్మా. చెవికైనా పనికొస్తుంది."

భుజాల మీది పిండి దులుపుకుని వీధిలోకి దిగాడు. వెనకనుంచి ఏ బండి వస్తుందోనని గోడను రాసుకుంటూ నడిచాడు.

"తాతా, అన్నం కారేజీ మర్చిపోయావ్!" యజమానురాలు గుమ్మంలోకి వచ్చి కేకేసింది. మళ్ళీ కేకేసింది.

"వినపడదక్కా" అన్నాడు మెకానిక్కు.

అప్పటికే తాత మలుపు తిరిగాడు. కిటికీ గూట్లో మూత తీయని కారేజీ. గాలిలో మిగిలిన పిండి దాని మీద సన్నగా దిగుతోంది.